గొలుసు రంపము – దోషముల పట్టిక : ఒక విమర్శ

2018వ సంవత్సరము అక్టోబరు 11వ తేదీ తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస సమీపమున తీరము దాటినది. ఉద్దానములో కొబ్బరి, జీడిమామిడి చెట్లు లెక్కకు మిక్కిలిగా నేలకూలినవి. దారికి అడ్డముగా పడిన మ్రాను తొలగిననేకాని ఊరిలోనికి మంచినీరు గాని, వైద్యుడు గాని, క్రొత్త విద్యుత్ స్తంభము గాని పోవుటకు వీలులేదు. అట్టి వేళ గొడ్డలికంటెను, చేతి రంపముకంటెను అక్కరకు వచ్చునది పెట్రోలుతో నడచు గొలుసు రంపము. పల్లెలలో దీనిని కోత మిషను అందురు.

ఈ యంత్రమునకు ఒక చిక్కు కలదు. పని ఉన్ననాడు దానికి విరామము లేదు. పని లేని నెలలలో అది మూలపడి యుండును. మరల అవసరమైన నాడు తాడు ఎంత లాగినను పలుకదు. యజమాని దానిని భుజమున వేసికొని నరసన్నపేట వంటి కూడలి పట్టణమునకు వచ్చును. జాతీయ రహదారిపై నుండి, పాతపట్నము, పర్లాకిమిడి వైపు దారి చీలు చోటైన ఈ పట్టణమునకు చుట్టుపట్ల పల్లెల పనిముట్లు మరమ్మతుకు చేరుట సహజమే. అచ్చట మొదటి ప్రశ్న ఎప్పుడును ఒక్కటే: దోషమెక్కడ?

ఈ ప్రశ్నకు జవాబు చెప్పుటకే యంత్రముతో కూడ వచ్చు చిన్న పుస్తకము చివర ఒక పట్టిక అచ్చువేయుదురు. ఎడమ వైపు దోషము, నడుమ కారణములు, కుడి వైపు నివారణోపాయములు. ఈ వ్యాసమున విమర్శకు గురియగుచున్నది ఆ పట్టికయే. ఏదో ఒక కంపెనీ పట్టిక కాదు. ఆ అచ్చులో పోసిన పట్టికలన్నియు. వృత్తివిద్యా పాఠములలోను, ఉన్నత పాఠశాల విజ్ఞానశాస్త్ర బోధనలోను అదే పద్ధతి చొచ్చుకొని వచ్చుచున్నది కనుక ఇది యంత్రములవారికి మాత్రమే సంబంధించిన మాట కాదు.

మొదట పట్టికలోని సుగుణము చెప్పుట న్యాయము. అది క్లుప్తమైనది. ఇంజను పేరు వినగానే బెదరిపోవువానికి, ఇందులో చూడదగినవి పదో పదిహేనో మాత్రమే యని ధైర్యము చెప్పును. గాలి వడపోత శుభ్రము చేయుట, ప్లగ్గు మార్చుట వంటి చిన్న పనులు యజమానియే చేసికొనునట్లు చేయును. దీనిని కాదనరాదు.

ఇక లోపములు. మొదటిది, పట్టికకు క్రమము లేదు. “ఇంజను స్టార్టు కాదు” అను దోషమునకు ఎదురుగా ఎనిమిది కారణములు వరుసగా ఉండును: పెట్రోలు లేదు, పెట్రోలు పాతది, వడపోత మూసికొనిపోయినది, ప్లగ్గు చెడినది, తీగ ఊడినది, కార్బురేటరు చెడినది, సంపీడనము చాలదు, చోకు సరిగా లేదు. ఎనిమిదింటికిని ఒకే విలువ. చదువరి ఒకదాని తరువాత ఒకటి మార్చుచు పోవును. అదృష్టము బాగున్న రెండవదానితో తేలును. లేనిచో ఎనిమిది భాగములకు వెల చెల్లించును.

ఇంజను పని చేయు తీరు తెలిసినవాడు ఇట్లు చేయడు. పెట్రోలు ఇంజను నడచుటకు కావలసినవి మూడే: తగిన సంపీడనము, వేళకు పడు నిప్పురవ్వ, సరియైన పాళ్ళలో గాలియు పెట్రోలును. ఎనిమిది కారణములును ఈ మూడింటిలో ఇమిడిపోవును. కనుక వెదకవలసినది ఎనిమిదింటిలో కాదు, మూడింటిలో. తాడు పట్టుకొని యంత్రమును వ్రేలాడదీసిన, సంపీడనము బాగున్నచో అది ఆగి ఆగి మెల్లగా దిగును. బొత్తిగా లేనిచో ఒక్కసారిగా జారును. ఇది ముతక పరీక్షయే కాని, పైసా ఖర్చు లేనిది. పిదప ప్లగ్గు విప్పి చూడవలెను. పొడిగా ఉన్నచో పెట్రోలు సిలిండరు వరకు చేరుటలేదు. తడిసి ఉన్నచో పెట్రోలు చేరుచున్నది, మండుట లేదు. ఈ ఒక్క చూపుతో వెదకవలసిన చోటు సగమునకు తగ్గినది. తడిసిన ప్లగ్గును తుడిచి, దాని లోహభాగమును ఇంజను లోహమునకు ఆనించి, ప్లగ్గు రంధ్రమునకును పెట్రోలునకును దూరముగా ఉంచి తాడు లాగినచో నిప్పురవ్వ సంగతి తేలును. ఏ పరీక్షయు మరియొక పరీక్షను వృథా చేయదు; ప్రతి జవాబు తరువాతి ప్రశ్నను పుట్టించును. పట్టికలో లేనిది ఇదియే.

రెండవ లోపము మొదటిదానికంటె పెద్దది. పట్టిక పర్యవసానమును కారణముగా చెప్పును. ఇది తెలియుటకు రెండు ఘాతముల ఇంజను కథ కొంత తెలియవలెను.

స్కాట్లండు దేశీయుడైన డ్యూగాల్డ్ క్లర్క్ 1878లో రెండు ఘాతముల ఇంజనును రూపొందించెను. అందులో క్రొత్త మిశ్రమమును లోనికి పంపుటకు వేరొక సిలిండరు ఉండెడిది. 1890 ప్రాంతమున ఇంగ్లండులో జోసెఫ్ డే ఆ రెండవ సిలిండరును తీసివేసి, పిస్టను క్రిందనున్న క్రాంకు పెట్టెనే పంపుగా మార్చెను. పిస్టను పైకి పోవునపుడు పైన మిశ్రమము నొక్కుకొనును; అదే క్షణమున క్రింద క్రాంకు పెట్టెలో పీడనము తగ్గి క్రొత్త మిశ్రమము లోనికి వచ్చును. పైన మండిన వాయువులు త్రోయగా పిస్టను దిగుచు, మొదట పొగ ద్వారమును, వెంటనే బదిలీ ద్వారమును తెరచును. క్రాంకు పెట్టెలో నొక్కబడిన క్రొత్త మిశ్రమము పైకి ఎగసి పొగను వెడలగొట్టును. కవాటములు లేవు, ప్రత్యేకమైన నూనె తొట్టి లేదు. అందుచేతనే ఇంజను తేలికయైనది. జర్మనీలో ఎమిల్ లెర్ప్ 1927లోను, ఆండ్రియాస్ స్టీల్ 1929లోను పెట్రోలు గొలుసు రంపములను తయారుచేసిరి.

ఈ సుళువునకు రెండు షరతులు కలవు. క్రాంకు పెట్టెలో నూనె నిలువ ఉండదు కనుక నూనెను పెట్రోలులోనే కలుపవలెను. 50కి 1 పాలు అనగా లీటరుకు 20 మిల్లీలీటర్లు. 25కి 1 అనగా 40 మిల్లీలీటర్లు. రెండవ షరతు, క్రాంకు పెట్టె పంపు కనుక దానికి ఎచ్చటను గాలి చొరరాదు. ఇరుసు చుట్టునున్న రబ్బరు సీలు ఎండిపోయినను, కార్బురేటరు వెనుక రబ్బరు గొట్టము బీటవారినను, ఆ సందున అదనపు గాలి చేరును. మిశ్రమములో పెట్రోలు పాలు తగ్గును. పెట్రోలుతోపాటు వచ్చు నూనెయు తగ్గును. పూర్తి వేగమున ఈ ఇంజను నిమిషమునకు 12,000 చుట్లు తిరుగును. అనగా సెకనుకు 200 మారులు మండును. అట్టి వేడిలో నూనె తరిగినచో పిస్టను వ్యాకోచించి సిలిండరు గోడను గీరుకొనును. తుదకు పట్టివేయును.

ఇప్పుడు పట్టికను చూడుడు. “సంపీడనము చాలదు – పిస్టను, సిలిండరు మార్చుము.” ఒక కూలి అప్పుచేసి రెండును మార్పించెననుకొనుడు. ఇంజను చక్కగా మ్రోగును. బీటవారిన రబ్బరు గొట్టము మాత్రము అట్లే ఉన్నది. కొద్ది దినములలోనే క్రొత్త పిస్టను పాతదాని దారి పట్టును. ఆ కూలి రెండు మారులు నష్టపోయెను; పని దినములు పోయెను; తప్పు తనదే యని, లేదా భాగము నకిలీదని తలచెను. పట్టిక చెప్పినది అసత్యము కాదు. సంపీడనము నిజముగానే చాలలేదు. కాని అది రోగము కాదు, రోగము మిగిల్చిన గాయము.

గాయమే సాక్ష్యము చెప్పగలదు. పొగ గొట్టము పెట్టెను విప్పి, ఆ ద్వారమునుండి టార్చిలైటుతో చూచిన పిస్టను ప్రక్క కనబడును. గీతలు పొగ ద్వారము వైపు మాత్రమే ఉన్నచో తరచుగా మిశ్రమము పలుచనై వేడెక్కినదని అర్థము. చుట్టును ఉన్నచో నూనె కలుపని పెట్రోలు పోసిరేమో అడుగవలెను. గాలి లోనికి వచ్చు వైపున అరిగినచో వడపోతను దాటి దుమ్ము పోయినది. ఒకే పిస్టను, మూడు సాక్ష్యములు, మూడు వేర్వేరు నివారణలు. పట్టికలో ఇవి మూడును ఒకే గడిలో “పిస్టను మార్చుము” అను మాట క్రింద పూడిపోయినవి.

“వేడెక్కిన తరువాత ఆగిపోవును” అను దోషము సంగతియు ఇంతే. పెట్రోలు తొట్టికి గాలి పోవు రంధ్రము మూసికొనిపోయినను ఇట్లే జరుగును. విద్యుత్ కాయిలు వేడికి చెడినను ఇట్లే జరుగును. పట్టిక రెండింటిని ప్రక్కప్రక్కన చెప్పి ఊరకుండును. వేరుచేయు పరీక్ష ఎంతయో సులభము. ఆగిన వెంటనే కొద్దిసేపు నిలిచి, తొట్టి మూతను మెల్లగా వదులుచేసి, మరల బిగించి తాడు లాగవలెను. పలికినచో దోషము రంధ్రములో ఉన్నది. పలుకనిచో ఆ వేడిలోనే నిప్పురవ్వను పరీక్షింపవలెను. చల్లారిన పిమ్మట చూచిన కాయిలు దోషము దాగిపోవును. కాయిలు వెలకును, రంధ్రము తుడుచు గుడ్డపేలిక వెలకును గల తేడా ఈ ఒక్క పరీక్షపై ఆధారపడియున్నది.

మూడవ లోపము, పట్టిక ఇంజనును తక్కిన ప్రపంచమునుండి విడదీసి చూచుట. “బలము తగ్గినది” అను ఫిర్యాదునకు కారణము పెక్కుమారులు ఇంజనులో ఉండదు, గొలుసులో ఉండును. తుపానుకు పడిన మ్రానుకు ఇసుక, మన్ను అంటియుండును. కొబ్బరి మ్రాను పైపొర గట్టి నారతో కూడినది. పళ్ళు మొద్దువారును. పని చేయువాడు బలముగా నొక్కును, ఇంజను వేడెక్కును. రంపము పెచ్చులు రాల్చుచున్నదా, పిండి రాల్చుచున్నదా అని నేలవైపు చూచిన చాలును. పిండి రాలుచున్నచో కార్బురేటరు మరను త్రిప్పుటకు ముందు ఆకురాయి పట్టవలెను.

పెట్రోలు సంగతియు అట్టిదే. 2025 నాటికి దేశములో అమ్ము పెట్రోలులో ఇథనాలు పాలు 20 శాతమునకు చేరినది. శుద్ధమైన పెట్రోలు ఒక పాలు మండుటకు బరువులో సుమారు 14.7 పాళ్ళ గాలి కావలెను. ఇథనాలుకు 9 పాళ్ళు చాలును. 20 శాతము మిశ్రమమునకు సుమారు 13.5. పాత పెట్రోలుకు అమర్చిన కార్బురేటరు ఈ మిశ్రమమునకు కొంత పెట్రోలు తక్కువగా ఇచ్చినట్లగును. అదిగాక ఇథనాలు తేమను పీల్చును. సముద్రతీరపు గాలిలో నెలల తరబడి తొట్టిలో నిలువ ఉన్న పెట్రోలు అడుగున నీరు కూడిన పొర వేరుపడవచ్చును. కార్బురేటరులోని పలుచని రబ్బరు పొర గట్టిపడవచ్చును. అంతకుముందు అచ్చైన పుస్తకమునకు ఈ సంగతి ఎట్లు తెలియును? “నూనె కొంచెము ఎక్కువ పోసిన మంచిదే” అను వాడుక నమ్మకమును కూడ పట్టిక ఖండింపదు. నూనె మితిమీరినచో బొగ్గు పేరుకొని పొగ ద్వారము ఇరుకగును. పైగా ఆ మేరకు పెట్రోలు పాలు తగ్గి మిశ్రమము కొంత పలుచనగును.

పట్టికను సమర్థించువారు ఒక మాట అందురు: కూలికిని, రైతుకును ఇంత శాస్త్రమెందుకు? కాని పైన చెప్పిన పరీక్షలలో ఒక్కదానికైనను ఖరీదైన పరికరము అక్కరలేదు. తడి, పొడి, గీత, పిండి, పెచ్చు – ఇవి అందరికి కనబడునవే. కావలసినది ఏది ముందు చూడవలెనో తెలియుట. ఒక్క విషయమున మాత్రము పట్టిక నోరు విప్పి గట్టిగా చెప్పవలసియున్నది. చెయ్యి మీట నుండి తీసినను గొలుసు తిరుగుచునే యున్నచో అది దోషముల వరుసలో పదవది కాదు. పని ఆపవలసిన మొదటి దోషము. నిదాన వేగము హెచ్చియుండవచ్చును, క్లచ్చి స్ప్రింగు తెగియుండవచ్చును, గాలి చొరబడుచుండవచ్చును. ఏదియైనను ఆ రంపముతో మరియొక కొమ్మ కోయరాదు. గొలుసును ముట్టుటకు ముందు ఇంజను ఆపి ప్లగ్గు తీగ ఊడదీయవలెను.

పాఠశాలలకు ఇందులో ఏమి కలదు? అంతర్దహన యంత్రము పాఠము తరచు ఒక పటముతోను, భాగముల పేర్లతోను ముగియును. విద్యార్థి పేర్లు వల్లించును. పరీక్షలో మార్కులు వచ్చును. ఇంటివద్ద మందు చల్లు యంత్రము ఆగిన ఏమి చూడవలెనో తెలియదు. అదియు పెక్కుచోట్ల రెండు ఘాతముల ఇంజనే. ఉపాధ్యాయుడు సూది లేని సిరంజి తీసికొని, కొనను వేలితో మూసి, పిడిని లాగి విడువవచ్చును. పిడి వెనుకకు పోవును. గొట్టమునకు చిన్న రంధ్రము చేసి మరల లాగిన, విడిచినచోటనే నిలుచును. క్రాంకు పెట్టెకు గాలి ఎందుకు చొరరాదో ఏ పటమును ఇంత చక్కగా చెప్పలేదు. పిదప పిల్లలకు పట్టికనే ఇచ్చి, దానిని ప్రశ్నల వరుసగా తిరిగి వ్రాయుడని చెప్పవచ్చును: మొదట ఏది అడుగవలెను? అవును అన్నచో ఎటు, కాదు అన్నచో ఎటు?

వైద్యుడు నాడి చూడకుండ మందుల జాబితా చదువడు. మరమ్మతును అట్టి విద్యయే. చెడిన భాగము మార్చుట దానిలో చివరి మెట్టు. ఎందువలన చెడినదో కనుగొనుట మొదటి మెట్టు. దోషముల పట్టిక మొదటి మెట్టు దాటించి చివరి మెట్టుపై నిలుపుచున్నది. దానిని చింపివేయనక్కరలేదు, తలక్రిందులు చేసి, నివారణలకు ముందు ప్రశ్నలు వ్రాసిన చాలును. మరుసటి తుపాను రాకముందే ఆ పని జరిగినచో, దారికి అడ్డముగా పడిన మ్రాను ఎదుట తాడు లాగి లాగి అలసి నిలుచువారి సంఖ్య కొంతయైనను తగ్గును.