లోహం మీద చల్లిన చుక్కలు

2011 మార్చిలో అమెరికాలోని హంట్స్‌విల్‌లో నాసా ఇంజినీర్లు ఒక పెద్ద అల్యూమినియం-లిథియం పీపాను కావాలనే నలగ్గొట్టారు. దాని వ్యాసం ఎనిమిది మీటర్ల పైచిలుకు, ఎత్తు ఆరు మీటర్లు. రాకెట్ ట్యాంకుల పల్చటి గోడలు ఎంత బరువు దగ్గర ముడతపడి కూలతాయో తేల్చుకోవడానికి చేసిన పరీక్ష అది. పీపాకు తెల్లరంగు వేసి, ఒళ్లంతా నల్లచుక్కలు పెట్టి, చుట్టూ కెమెరాలు నిలబెట్టారు. గోడ ఎక్కడ ఎంత వంగిందో చెప్పినవి ఆ చుక్కలే.

ఈ పద్ధతిని డిజిటల్ ఇమేజ్ కోరిలేషన్ అంటారు, పొట్టిగా డీఐసీ. 1980ల మొదట్లో సౌత్ కరోలినా విశ్వవిద్యాలయంలో పీటర్స్, రాన్సన్, సటన్ తదితరులు దీనికి పునాది వేశారు. వస్తువు మీద బలం పడకముందు ఒక ఫోటో తీస్తారు, బలం పెరిగేకొద్దీ వరసగా మరికొన్ని. మొదటి ఫోటోలో ఒక చిన్న చదరాన్ని, అటు 21 ఇటు 21 పిక్సెళ్లనుకుందాం, ఎంచుకుంటారు. అందులోని నలుపు తెలుపుల అమరిక తర్వాతి ఫోటోలో ఎక్కడికి జరిగిందో కంప్యూటర్ వెతుకుతుంది. ఆ చదరం సాగినా, వాలినా, కొంచెం తిరిగినా గుర్తుపడుతుంది. పిక్సెల్‌కీ పిక్సెల్‌కీ నడుమ వెలుగు ఎలా మారుతోందో కూడా లెక్కగడుతుంది కాబట్టి, పరిస్థితులు అనుకూలిస్తే పిక్సెల్‌లో నూరో వంతు కదలిక కూడా దొరుకుతుంది. ఇలా వేలాది చదరాల జరుగుడు తెలిశాక, పక్కపక్కవాటి మధ్య తేడాను బట్టి వికృతి తేలుతుంది. అంటే, అసలు పొడవులో ఎన్నో వంతు సాగిందన్న లెక్క.

అంతకుముందు ఈ పని స్ట్రెయిన్ గేజ్‌ది. 1938లో ఎడ్వర్డ్ సిమన్స్, ఆర్థర్ రూజ్ ఎవరికి వారుగా దాన్ని తయారుచేశారు. వస్తువుకు అతికించిన సన్నటి తీగ దానితోపాటే సాగుతుంది, సాగినప్పుడు తీగ విద్యుత్ నిరోధం మారుతుంది. వంతెనల మీద, తూకపు యంత్రాల లోపల గేజ్ ఈనాటికీ నమ్మకంగా పనిచేస్తోంది. పది లక్షల్లో ఒక వంతు సాగుదలను కూడా అది చెప్పగలదు. డీఐసీకి అంత సూక్ష్మదృష్టి లేదు. అయితే గేజ్‌కు తాను అంటుకున్న చోటు తప్ప మరో లోకం తెలియదు. ఎక్కడ అంటించాలో మనమే ముందుగా ఊహించాలి. మెత్తని ఉక్కు ముక్కను లాగి చూడండి. లొంగే దశలో అది అంతటా ఒకేలా సాగదు. ఒక మూల సన్నటి పట్టీ పుట్టి, ముక్క పొడవునా పాకుతుంది. వీటిని ల్యూడర్స్ పట్టీలంటారు. పట్టీ తన మీదుగా పోయినప్పుడే గేజ్‌కు తెలుస్తుంది. డీఐసీ గీసే రంగుల పటంలో అది పుట్టిన చోటూ నడిచిన దారీ రెండూ కనిపిస్తాయి. మనం అడగడం తెలియని ప్రశ్నకు సైతం జవాబు దొరకడం నా దృష్టిలో ఈ పద్ధతికున్న అన్నిటికన్నా పెద్ద విలువ.

ఇంత లెక్కా నిలబడేది చేతిపని మీద. ముగ్గుకు చుక్కలు వరస తప్పకుండా పెడతాం. ఇక్కడ వరస కుదిరిందా, పని చెడినట్టే. ఏ చదరం చూసినా ఒకేలా ఉంటే కంప్యూటర్ ఒకదాన్ని చూసి మరొకటనుకుంటుంది. చుక్కలు చెదురుమదురుగా పడాలి. ఒక్కోటి ఫోటోలో మూడు నుంచి ఐదు పిక్సెళ్ల వెడల్పుంటే మేలు. మరీ సన్నమైతే కెమెరా వాటిని సరిగా పట్టలేదు, మరీ పెద్దవైతే చదరమంతా ఒకే నలుపై గుర్తుపట్టడానికి ఏమీ మిగలదు. మెరుపు లేని తెల్లరంగు మీద నల్లరంగు స్ప్రే తుంపరలు పడేలా చల్లడం ఎక్కువమంది చేసే పని. ఎక్కువగా సాగే నమూనాకైతే రంగు వేసి రోజులు గడవనివ్వకూడదు. ఎండి పెళుసెక్కిన రంగు లోహంతో కలిసి సాగకుండా పెచ్చులూడుతుంది. ఎర్రగా కాలిన లోహమైతే మామూలు రంగు నిలవదు, పైగా దాని మెరుపే చుక్కల్ని మింగేస్తుంది. అందుకే నీలి దీపం వెలిగించి, నీలి కాంతిని మాత్రమే రానిచ్చే ఫిల్టర్ లెన్స్‌కు తగిలిస్తారు.

ఒక్క కెమెరాతో చేసేవాళ్లు మరో ప్రమాదాన్ని మరవకూడదు. మీటరు దూరంలో ఉన్న ముక్క కెమెరా వైపు ఒక్క మిల్లీమీటరు జరిగితే చాలు, బొమ్మ వెయ్యింట ఒక వంతు పెద్దదవుతుంది. కంప్యూటర్ దాన్ని సాగుదలగానే నమోదు చేస్తుంది. మామూలు నిర్మాణ ఉక్కు లొంగిపోవడం మొదలయ్యేదే దాదాపు వెయ్యింట ఒకటింబావు వంతు దగ్గర. అంటే, ముక్క కాస్త ముందుకొస్తే ఏ బలమూ పడకుండానే ఉక్కు లొంగిందన్నంత కొలత వచ్చేస్తుంది! లోతును కూడా చూడగలిగే రెండు కెమెరాల పద్ధతి 1990లలో రావడానికి ఇలాంటి చిక్కులే కారణం.

2003లో కొలంబియా స్పేస్ షటిల్ ప్రమాదం తర్వాత, రెక్క అంచు పలకలను నురుగు ముక్కలతో కొట్టి చూసిన నాసా పరీక్షల్లో హైస్పీడ్ కెమెరాలతో డీఐసీనే వాడారు. ఇంగ్లండ్‌లోని సౌతాంప్టన్ విశ్వవిద్యాలయం పరిశోధకులు దీన్ని గోడకు వేలాడే టాపెస్ట్రీల మీద ప్రయోగించారు. పాత నేతకు గేజ్ అతికిస్తే బట్ట పాడవుతుంది. నేతలోని రంగులూ పోగులే అక్కడ చుక్కల పని చేశాయి.

మన ఇంజినీరింగ్ కళాశాలల్లో స్ట్రెంగ్త్ ఆఫ్ మెటీరియల్స్ ల్యాబ్ ఉన్నచోటల్లా నమూనాలను లాగే యూనివర్సల్ టెస్టింగ్ మెషీన్ (యూటీఎం) ఉంటుంది. మంచి కెమెరా, కదలని స్టాండు, రెండు రంగుల డబ్బాలు, జార్జియా టెక్‌లో పుట్టి ఉచితంగా దొరికే ఎన్‌కార్ లాంటి ప్రోగ్రాం తోడైతే విద్యార్థులు కూడా మొదలుపెట్టొచ్చు. యంత్రం ఆన్ చేయకముందే, ఏ బలమూ లేకుండా కొన్ని ఫోటోలు తీసి వాటి మధ్య వికృతి లెక్కగట్టాలి. అది సున్నా రాదు. ఎంత వచ్చిందో రిపోర్టు మొదటి పేజీలోనే రాయాలి, ఎందుకంటే అంతకన్నా చిన్న సాగుదల ఏది కనిపించినా దాన్ని నమ్మడానికి వీల్లేదు.