గర్భంలో ఆకలి, జీవితంలో ఆరోగ్యం: రెండు అనుదైర్ఘ్య అధ్యయనాలపై విమర్శనాత్మక పరిశీలన

జనన పూర్వ వికాసంలోని అండ, పిండ, భ్రూణ దశలను మీరు ఇంతకు ముందు చదివారు. ఈ దశల్లో తల్లికి తిండి చాలకపోతే, ఆ ప్రభావం బిడ్డపై ఎంతకాలం ఉంటుంది? దీన్ని తెలుసుకోవడానికి గర్భిణులను పస్తు పెట్టి చూడలేం కదా! అందువల్ల పరిశోధకులు జరిగిపోయిన సంఘటనలను ఆధారం చేసుకుంటారు. అలాంటి అధ్యయనాలను ఎంతవరకు నమ్మవచ్చో ఇప్పుడు పరిశీలిద్దాం.

మొదటిది నెదర్లాండ్స్ కరువుపై జరిగిన అధ్యయనం. 1944 సెప్టెంబరులో అక్కడి రైల్వే కార్మికులు సమ్మె చేయగా, ఆక్రమణలో ఉన్న జర్మన్లు పశ్చిమ ప్రాంతానికి ఆహార రవాణాను అడ్డుకున్నారు. నవంబరు చివరికి పెద్దల రోజువారీ రేషన్ 1000 కేలరీల లోపుకు, ఆపై 400–800 కేలరీలకు పడిపోయింది. 1945 మేలో దేశం విముక్తమైంది. 1943 నవంబరు, 1947 ఫిబ్రవరి మధ్య ఆమ్‌స్టర్‌డామ్‌లోని ఒక ఆసుపత్రిలో పుట్టిన 2,414 మందిని పరిశోధకులు అధ్యయనానికి ఎంచుకున్నారు. కరువుకు ముందు పుట్టినవారు, కరువు తరువాత గర్భంలో పడినవారు పోలికకు ఉపయోగపడ్డారు.

గర్భం చివరి నెలల్లో కరువుకు గురైన శిశువులు తక్కువ బరువుతో పుట్టారు. తొలి నెలల్లో గురైనవారు దాదాపు మామూలు బరువుతోనే పుట్టారు. అయినా యాభై ఏళ్ల వయసుకు వచ్చేసరికి వీరిలో గుండె జబ్బు ఎక్కువగా కనిపించింది. 'పుట్టిన బరువు బాగుంటే గర్భంలో అంతా సవ్యంగా జరిగినట్టే' అన్న నమ్మకాన్ని ప్రశ్నించడమే ఈ అధ్యయనం గొప్పతనం. కరువు తేదీలు స్పష్టంగా ఉండబట్టే ఇది సాధ్యమైంది.

అయితే పరిమితులను కూడా గమనించండి. కరువులో గర్భధారణలు తగ్గాయి. అప్పుడు కూడా గర్భం దాల్చినవారు మిగతావారికంటే భిన్నమైనవారు కావచ్చు. చిన్ననాడే మరణించినవారు పెద్దయ్యాక జరిపే పరీక్షల్లో ఉండరు. చలి, యుద్ధభయం ప్రభావాన్ని ఆకలి ప్రభావం నుంచి వేరు చేయడం కష్టం. పైగా అది కొన్ని నెలల ఆకస్మిక కరువు. తరతరాల అర్ధాకలికి దాని ఫలితాలను యథాతథంగా వర్తింపజేయరాదు.

ఆ లోటును కొంత తీర్చేది హైదరాబాద్ సమీప గ్రామాల్లో జరిగిన అధ్యయనం. 1987–90 మధ్య 15 గ్రామాల్లో సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకం ద్వారా గర్భిణులకు, ఆరేళ్ల లోపు పిల్లలకు అదనపు ఆహారం అందింది. పథకం ఇంకా రాని 14 గ్రామాలను పోలికకు తీసుకున్నారు. 2003–05లో, 13–18 ఏళ్ల వయసులో ఉన్న 1,165 మందిని పరీక్షించగా, ఆహారం అందిన గ్రామాలవారు సగటున 14 మిల్లీమీటర్లు ఎక్కువ ఎత్తు ఉన్నారు. వారిలో ఇన్సులిన్ నిరోధకత, ధమనుల బిరుసుదనం తక్కువగా ఉన్నాయి. రక్తపోటులో మాత్రం చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు.

ఇక్కడ మీరు అడగవలసిన ప్రశ్న ఒకటుంది: ఇది గర్భంలో అందిన ఆహారం ఫలితమా, పుట్టిన తరువాత తిన్నదాని ఫలితమా? రెండూ ఒకే గ్రామంలో అందాయి కాబట్టి ఈ అధ్యయనం వాటిని వేరు చేయలేదు. గ్రామాలను చీటీలు తీసి ఎంపిక చేయలేదు. పథకంలోని ఇతర సేవల పాత్ర కూడా ఉండవచ్చు.

కాబట్టి మొదటి అధ్యయనం కాలాన్ని స్పష్టంగా చూపింది కాని, మన పరిస్థితులను కాదు. రెండోది మన పరిస్థితులను చూపింది కాని, కాలాన్ని విడదీయలేదు. రెండూ చెప్పేవి సమూహాల సగటులే, ఒక బిడ్డ భవిష్యత్తు కాదు. 'నువ్వు సరిగా తినకే బిడ్డ ఇలా అయింది' అని తల్లిని నిందించడానికి వీటిలో ఆధారం లేదు. ఆమ్‌స్టర్‌డామ్ తల్లుల పళ్లెంలోకి ఏం రావాలో వారు నిర్ణయించలేదు. పేద గ్రామాల్లోనూ అంతే. గర్భిణికి అన్నం అందేలా చూడడం సమాజం బాధ్యత అని మాత్రం ఇవి గట్టిగా చెబుతున్నాయి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి: హైదరాబాద్ అధ్యయనంలో గర్భంలోని ఆహారం ప్రభావాన్ని విడిగా తెలుసుకోవాలంటే గ్రామాలను ఎన్ని సమూహాలుగా విభజించాలి? ఏ సమూహానికి ఎప్పుడు ఆహారం ఇవ్వాలి? అలా కొందరికి ఆహారం ఇవ్వకుండా ఉండడం న్యాయమేనా? పది వాక్యాల్లో చర్చించండి.