వాట్ల కన్నా ఎత్తు మిన్న

2024 సెప్టెంబరు చివర్లో హరికేన్ హెలీన్ అమెరికాలోని నార్త్ కరోలినా పశ్చిమ కొండల్ని ముంచెత్తింది. రోడ్లు తెగాయి, కరెంటు పోయింది, సెల్‌ఫోన్లు మూగబోయాయి. ఆష్‌విల్ చుట్టుపక్కల వాళ్లకు ఆ రోజుల్లో పెద్ద దిక్కుగా నిలిచింది మౌంట్ మిచెల్ మీది హ్యామ్ రేడియో (ఔత్సాహికుల రేడియో) రిపీటర్, అంటే అందిన మాటను తిరిగి చాటే కేంద్రం. తమవాళ్ల క్షేమ సమాచారం, తెరిచి ఉన్న దారులు, సాయం కోసం పిలుపులు దాని మీదుగా నడిచాయి. 6,684 అడుగుల ఆ శిఖరం మిసిసిపీ నదికి తూర్పున అన్నిటికన్నా ఎత్తైనది. రిపీటర్ బలమంతా ఆ ఎత్తులోనే ఉంది.

ఇలాంటి ఏర్పాటును ఇంటి అవసరానికి చేసుకోవడం అమెరికాలో పాత అలవాటే. అందుకు అక్కడ జీఎంఆర్‌ఎస్ (జనరల్ మొబైల్ రేడియో సర్వీస్) అనే సేవ ఉంది. పరీక్ష లేదు. 18 ఏళ్లు నిండినవారు 35 డాలర్లు కడితే పదేళ్ల లైసెన్స్ ఇస్తారు. ఒకరు తీసుకుంటే భార్యాభర్తలు, పిల్లలు, మనవలు, తల్లిదండ్రులు, అవ్వాతాతలు, తోబుట్టువులు, బాబాయిలు, మేనత్తలు, మేనల్లుళ్లు, అత్తింటివారు అందరూ మాట్లాడవచ్చు. అయితే పెదనాన్న కొడుకునూ అన్నయ్యే అనుకునే మన లెక్క అక్కడ చెల్లదు. ఆ జాబితాలో అతను లేడు కాబట్టి వేరే లైసెన్స్ తీసుకోవాలి. దుకాణాల్లో దొరికే, లైసెన్స్ అక్కర్లేని ఎఫ్‌ఆర్‌ఎస్ (ఫ్యామిలీ రేడియో సర్వీస్) వాకీటాకీలూ ఇవే చానళ్ల మీద పలుకుతాయి కానీ, వాటి శక్తి 2 వాట్లు దాటకూడదు, రిపీటర్ వాడుకునే వీలూ లేదు.

జీఎంఆర్‌ఎస్ తరంగాలు దాదాపు కంటిచూపులాగే తిన్నగా సాగుతాయి. కొండ అడ్డొస్తే అంతే. చేతిలో పట్టుకున్న రేడియోకు చదునైన నేల మీద దిగంతం మూడు మైళ్లే. యాంటెన్నాను 100 అడుగుల ఎత్తున నిలిపితే దాని దిగంతం 14 మైళ్లు. అందుకే అనుభవజ్ఞులు డబ్బును వాట్ల మీద కాక ఎత్తు మీద పెడతారు.

రిపీటర్ చేసే పని వినడానికి తేలిక. మన రేడియో 467 మెగాహెర్ట్జ్ దగ్గర పలికిన మాటను అందుకుని, అదే క్షణంలో 5 మెగాహెర్ట్జ్ కింద, 462 దగ్గర తిరిగి చాటుతుంది. చట్టం 50 వాట్ల దాకా అనుమతిస్తుంది. చిక్కు ఎక్కడంటే, వినేదీ చాటేదీ ఒకే యాంటెన్నా. చెవి పక్కన డప్పు మోగుతుంటే దూరపు మాట వినబడనట్టే, చాటే శక్తి వినికిడిని ముంచేస్తుంది. ఆ రెంటినీ విడదీసే పరికరం డూప్లెక్సర్. దాన్ని సరిగ్గా ట్యూన్ చేయకపోతే రిపీటర్ దూరందాకా వినిపిస్తుంది కానీ, తాను ఎవరి మాటా సరిగ్గా వినలేకపోతుంది.

తర్వాత చూడవలసింది కేబుల్. సన్నటి ఆర్‌జీ-58 కేబుల్ వేస్తే ఈ తరంగాల దగ్గర సుమారు 30 అడుగులకే సగం శక్తి హరించుకుపోతుంది. మందపాటి, నష్టం తక్కువ కేబుల్‌కు ఖర్చు పెట్టడమే లాభం. పిడుగు నుంచి రక్షణకు ఎర్తింగ్, కరెంటు పోతే ఆదుకునే బ్యాటరీ తప్పనిసరి. రెండు కారు రేడియోలను జతచేసి రిపీటర్‌గా వాడేవారు చాటే శక్తిని బాగా తగ్గించాలి. గంటల తరబడి చాటడానికి వాటిని తయారు చేయలేదు, వేడెక్కి చెడతాయి.

రిపీటర్‌ను తెరిచే టోన్ అనే సంకేత ధ్వనిని రేడియోలో సెట్ చేసుకోవాలి. దాన్ని తాళం అనుకోవద్దు. టోన్ అనవసరపు శబ్దాల్ని ఆపుతుందే తప్ప మన మాటల్ని దాచదు. ఇంటి గుట్టు, బ్యాంకు వివరాలు ఇందులో మాట్లాడకూడదు. పొరుగువారి రిపీటర్ వాడాలంటే ముందు వారి అనుమతి అడగాలి. మాట్లాడే ముందు చానల్ వినాలి. బటన్ నొక్కాక ఒక క్షణం ఆగి పలకాలి, లేకుంటే మొదటి మాట తెగిపోతుంది. సంభాషణ చివర, సాగితే ప్రతి 15 నిమిషాలకు, లైసెన్స్‌తో వచ్చే గుర్తింపు, అంటే కాల్‌సైన్ చెప్పాలి.

ఇవన్నీ తుఫాను వచ్చాక నేర్చుకునేవి కావు. వారానికో సాయంత్రం తాత నుంచి మనవరాలి దాకా ఒక్కొక్కరూ రేడియోలో పలకరించుకునే కుటుంబానికే ఆపదలో అది పనికొస్తుంది. బీరువాలో పడి ఉన్న రేడియోకు చార్జింగ్ ఉండదు, దాన్ని వాడే చేతికి వాటం ఉండదు.

అమెరికాలోని తెలుగు కుటుంబాలు ఈ పద్ధతిని నిశ్చింతగా పాటించవచ్చు. కానీ అక్కడ కొన్న సెట్లను ఊరికి తెచ్చి వాడకండి. ఇండియాలో జీఎంఆర్‌ఎస్ లేదు. లైసెన్స్ లేకుండా వాడుకోవడానికి 446.0 నుంచి 446.2 మెగాహెర్ట్జ్ మధ్య పనిచేసే తక్కువ శక్తి వాకీటాకీలు ఉన్నాయి, వాటికి రిపీటర్ ఉండదు. రిపీటర్ కావాలనుకుంటే హ్యామ్ పరీక్ష రాసి ఎవరి లైసెన్స్ వారే తెచ్చుకోవాలి. 12 ఏళ్లు నిండిన పిల్లలూ రాయవచ్చు. ఇంట్లో అందరూ కలిసి చదువుకోండి.