తవ్వకుండా వెతికే నిధి

ఖానాపురం హవేలి ఒకప్పుడు ఖమ్మం పక్కన విడిగా ఉన్న ఊరు. ఇప్పుడు నగరపాలక సంస్థలో కలిసిపోయింది. మే నెలలో పొద్దున పది దాటిందంటే అక్కడి వీధుల్లో మనిషి కనిపించడు. సెలవు రోజు ఆలుమగలు ఎటైనా పోదామనుకుంటే సినిమా హాలు, లకారం ట్యాంక్‌బండ్, లేదంటే పొద్దున్నే భద్రాచలం బస్సు. మూడూ మంచివే. వీటికి తోడు ఇంకొకటుంది. దానికి కావలసినవి ఒక బండి, ఒక ఫోను, ఒక పెన్సిలు, తెల్లవారుజామున ఐదింటికే లేచే ఓపిక. దాని పేరు జియోకాషింగ్.

ఒకరు ఎక్కడో ఒక చిన్న డబ్బా దాచి, ఆ చోటు అక్షాంశ రేఖాంశాలను అందరికీ చెబుతారు. ఇంకొకరు ఆ అంకెలు పట్టుకుని వెళ్ళి డబ్బా వెతుకుతారు, అందులోని పుస్తకంలో పేరు, తేదీ రాస్తారు, ఎక్కడిది అక్కడే పెట్టేసి వస్తారు. ఆట ఇంతే. దీని పుట్టుకకు మాత్రం కచ్చితమైన తేదీ ఉంది. అమెరికా ప్రభుత్వం పౌరులకిచ్చే జీపీఎస్ సంకేతాల్లో కావాలనే కొంత తప్పు కలిపేది. అందువల్ల పరికరం చూపే చోటుకూ అసలు చోటుకూ వంద మీటర్ల దాకా తేడా ఉండేది. 2000 మే మొదట్లో, క్లింటన్ హయాంలో, ఆ కలగలుపు ఆపేశారు. మే 3న డేవ్ అల్మర్ అనే ఆయన ఆరెగాన్ రాష్ట్రంలోని బీవర్‌క్రీక్ దగ్గర ఒక బకెట్టులో పుస్తకాలు, ఉండేలు, బీన్స్ డబ్బా వంటివి పెట్టి దాచి, అంకెలు ప్రకటించాడు. తేడా నిజంగా తగ్గిందో లేదో చూద్దామన్నదే ఆయన ఉబలాటం. రోజుల్లోనే జనం వెతికి పట్టుకున్నారు. ఇప్పుడు ప్రపంచమంతా కలిపి ముప్పై లక్షలకు పైగా డబ్బాలు దాగి ఉన్నాయి.

దీనికి తాతలాంటి ఆట ఇంగ్లండ్‌లో ఉంది. 1854లో జేమ్స్ పెరట్ అనే దారి చూపేవాడు డార్ట్‌మూర్ బీడుభూముల నడుమ ఒక సీసా పెట్టి, అంత దూరం నడిచి వచ్చినవాళ్ళు తమ పేరు చీటీలు అందులో వేసేలా చేశాడు. ఇసుకలో పుల్ల దాచి రెండు అరచేతులతో కప్పి కనిపెట్టే మన పిల్లల ఆట వీటి కంటే పాతదే అయి ఉండాలి. అక్కడి కొలత అరచేయి, ఇక్కడి కొలత భూగోళం.

ఆ కొలత కాస్త తెలుసుకుంటే ఆట రుచి పెరుగుతుంది. ఖమ్మం సుమారు 17 డిగ్రీల 15 నిమిషాల ఉత్తర అక్షాంశం, 80 డిగ్రీల 9 నిమిషాల తూర్పు రేఖాంశం మీద ఉంది. అక్షాంశంలో ఒక్క నిమిషం తేడా నేల మీద సుమారు 1.85 కిలోమీటర్లు. నిమిషాన్ని వెయ్యి భాగాలు చేస్తే ఒక్కో భాగం రెండు మీటర్ల లోపు. అంకెలను మూడు దశాంశ స్థానాల వరకు రాస్తారు కాబట్టి, కాగితం మీద చోటు ఒక నులక మంచమంత మేరకు తేలిపోతుంది. ఫోను మాత్రం అంత నమ్మకంగా చెప్పలేదు. ఆరుబయట మూడు నుంచి ఐదు మీటర్లు, గుబురు చెట్ల కింద పది, పదిహేను మీటర్లు అటూ ఇటూ చూపిస్తుంది. కొత్తవాళ్ళు తడబడేది ఇక్కడే.

దంపతుల్లో ఒకరు ముందు వారమే వెళ్ళి చోటు ఎంచి డబ్బా దాచి ఉంటే, రెండోవాళ్ళు వెతకాలి.

“ఏమండీ, బాణం గుర్తు ఇందాకటి నుంచీ తిరుగుతూనే ఉంది.”

“అయితే ఫోను జేబులో పెట్టేద్దాం. ఇక్కడ దాచాలంటే నువ్వెక్కడ దాస్తావో చెప్పు.”

ఈ ఆటలో అసలు నేర్పు ఆ ప్రశ్నలోనే ఉంది. చివరి పది మీటర్లు యంత్రానివి కావు, కళ్ళవి. తొర్ర ముందు పేర్చినట్టున్న మూడు రాళ్ళు, ఎండుటాకుల్లో ఒకచోట మాత్రమే తిరగబడిన ఆకు, పాత కంచె రాతి వెనక నీడ. దాచినవాడి ఆలోచన వెతికేవాడికి అందాలి. డబ్బా వెతకడంలోని కష్టాన్నీ, నేల కష్టాన్నీ విడివిడిగా ఒకటి నుంచి ఐదు వరకు లెక్క కట్టి ముందే చెప్పే పద్ధతి ఉంది. వయసు మళ్ళినవాళ్ళు వెళ్ళగల చోటా, గుట్ట ఎక్కాలా అన్నది ఇంట్లోనే తేల్చుకోవచ్చు.

ఖానాపురం హవేలి నుంచి నేలకొండపల్లి 20 కిలోమీటర్ల పైచిలుకు. భక్త రామదాసుగా పేరుపడ్డ కంచర్ల గోపన్న పుట్టిన ఊరు. ఊరి శివార్లలో మట్టికోట ఆనవాళ్ళు, బౌద్ధ స్తూపం ఉన్నాయి. విరాటరాజు కొలువు అక్కడేనని ఊళ్ళో చెప్పుకుంటారు. ఇలాంటి చోట డబ్బా పెట్టనే కూడదు. దానికి బదులు డబ్బా లేని పద్ధతి ఉంది. అంకెలు చోటుకు తీసుకెళ్తాయి, అక్కడ నిలబడితే తప్ప జవాబు దొరకని ఒక ప్రశ్న ఎదురుచూస్తుంది. స్తూపం చుట్టూ తిరిగి రావడానికి ఎన్ని అడుగులు పట్టాయి? ఇటుక నీ జానకు ఎంత ఉంది? అడుగులు లెక్కపెడుతూ స్తూపం చుట్టూ తిరిగినవాళ్ళకు దాని పెద్దతనం కాళ్ళకు తెలుస్తుంది. దూరం నుంచి ఫొటో తీసుకుని వచ్చినవాళ్ళకు తెలియదు.

ఒక జాగ్రత్త మాత్రం మన నేలకు ప్రత్యేకం. మన దగ్గర “నిధి” అనగానే జనానికి గుర్తొచ్చేది గుప్తనిధుల తవ్వకాలు. వాటి పేరిట పాత గుళ్ళలో నందులు పగిలాయి, లింగాలు పెకలించారు. 1878 నాటి చట్టం ప్రకారం నేలలో దొరికిన నిధి విలువ పది రూపాయలు దాటితే కలెక్టరుకు తెలపాలి. జియోకాషింగ్ నియమాల ప్రకారం స్థలం సొంతదారు అనుమతి లేకుండా డబ్బా కోసం గుంత తవ్వకూడదు. చెట్టుకు మేకు కొట్టకూడదు, తినే వస్తువు పెట్టకూడదు. పెడితే చీమలు, కోతులు, అడవి వైపైతే ఎలుగుబంటి వస్తాయి. పాశ్చాత్య దేశాల్లో ఎవరి కంటా పడకుండా వెతకడం గొప్ప. ఇక్కడ అది తప్పు. టీకొట్టు దగ్గర “ఏం వెతుకుతున్నరు?” అని అడిగితే ఉన్నదున్నట్టు చెప్పాలి, వీలైతే ఫోను చూపించాలి. గుర్తు తెలియని డబ్బా ఎక్కడైనా భయమే. 2011లో ఇంగ్లండ్‌లోని వెదర్బీ పట్టణంలో ఇలాంటి డబ్బాను బాంబు అనుకుని వీధి ఖాళీ చేయించారు. మావోయిస్టుల మందుపాతరలు చూసిన భద్రాచలం వైపు సరిహద్దు ఊళ్ళలో ఆ భయానికి ఇంకా ఎక్కువ కారణం ఉంది. అందుకే లోపల ఏముందో కనిపించే డబ్బా, పైన అందరికీ అర్థమయ్యే తెలుగులో చీటీ, స్థలం సొంతదారు అనుమతి ఉండాలి.

మధ్యాహ్నం ఎండ 44, 45 డిగ్రీలకు పోతుంది కాబట్టి ఇంటికి చేరి, మళ్ళీ నాలుగున్నరకు ఇల్లెందు దారి పట్టడం మేలు. పాతవాళ్ళు ఆ ఊరిని బొగ్గుట్ట అంటారు. 1871లో జియలాజికల్ సర్వేకు చెందిన డాక్టర్ కింగ్ ఆ దగ్గర్లో బొగ్గు కనుగొన్నాడు. ఇల్లెందు బొగ్గుతో మొదలైన సంస్థే తర్వాత సింగరేణి అయింది. రాళ్ళ గురించి నేర్పే డబ్బా లేని ఆట కూడా ఒకటుంది, 2004లో అమెరికా భూగర్భ శాస్త్ర సంఘం మొదలుపెట్టింది. దానికి ఈ దారి కంటే మంచి పాఠం ఉండదు. ఖమ్మం కోట గుట్ట మీది రాయి గట్టిగా, నున్నగా తగులుతుంది. ఇల్లెందు వైపు ఇసుకరాయిని బొటనవేలితో రుద్దితే గరుకుగా తగిలి ఇసుక రాలుతుంది. బొగ్గు దాగిన ఆ పొరల వయసు పాతిక కోట్ల ఏళ్ళ పైమాటే.

ఎండాకాలం అడవిలో వెతికేవాళ్ళకు ఒక మేలు చేస్తుంది. టేకు ఆకు రాల్చి ఉంటుంది కాబట్టి ఆకాశం కనిపిస్తుంది, ఫోనుకు ఉపగ్రహాలు బాగా అందుతాయి. అప్పుడే తునికాకు కోత కూడా. యాభై ఆకుల కట్టలు కల్లంలో ఆరుతుంటాయి. వాటిని తొక్కకుండా నడవడం ఆట నియమాల్లో లేకపోయినా మర్యాదలో ఉంది. రిజర్వు అడవిలోకి, కిన్నెరసాని అభయారణ్యంలోకి అనుమతి లేకుండా వెళ్ళకూడదు. దారి పక్కన చూడవలసింది చాలానే ఉంది.

అక్షాంశ రేఖాంశాలు ఈ ప్రాంతానికి కొత్తేమీ కాదు. 1802లో లాంబ్టన్ మద్రాసులో మొదలుపెట్టిన మహా త్రికోణమితి సర్వేలో జార్జ్ ఎవరెస్ట్ 1818లో చేరాడు. మరుసటి ఏడు కృష్ణా గోదావరుల నడుమ అడవుల్లో కొలతలు తీస్తుండగా అతడికీ, వెంట ఉన్న బలగానికీ విషజ్వరాలు వచ్చాయి. కోలుకోవడానికి ఆఫ్రికా దక్షిణ కొసకు వెళ్ళవలసి వచ్చింది. ప్రపంచంలో అన్నిటికంటే ఎత్తైన శిఖరానికి 1865లో అతడి పేరే పెట్టారు. ఆ మనుషులు మంచం పట్టి కొలిచిన నేలలో ఇవాళ ఫోను అరనిమిషంలో చోటు చెబుతోంది.

బయల్దేరేవాళ్ళు మనిషికి రెండు లీటర్ల నీళ్ళు పట్టుకెళ్ళండి. పెన్ను వద్దు, తొలకరికి తడిసి సిరా చెరిగిపోతుంది, పెన్సిలే పెట్టండి. నేలకొండపల్లిలో ఇటుకను జానతో కొలవండి, దాని కింద మట్టిని మాత్రం కదపకండి.