పేరు తెలియాలంటే రెక్కలు రావాలి

మామిడికాయ మొన దగ్గర చిన్న బెజ్జం, దాని కింద జిగురు చార కనిపిస్తే లోపల ఏముందో తిరువూరు వైపు రైతుకు చెప్పక్కర్లేదు. కాయ కోస్తే ఎరుపు, తెలుపు పట్టీల లార్వా కండ దాటి టెంకలోకి పోతూ కనిపిస్తుంది. కాయ తొలుచు పురుగు అంటాం. నెమలి గ్రామం చుట్టుపక్కల తోటల్లో రాలిన బంగినపల్లి, కలెక్టర్ కాయలు ఏరి కోసి చూడటం వేసవిలో నాకెంతో ఇష్టమైన పని.

లార్వాను చూడనివారు లేరు గానీ, దాని తల్లిపురుగును చూసినవారు అరుదు. అది రాత్రి తిరిగే చిన్న రెక్కల పురుగు. నోటి పక్కనున్న స్పర్శాంగాలు ముక్కులా ముందుకు పొడుచుకొచ్చే పెద్ద జాతి సమూహానికి చెందింది. శాస్త్రవేత్తలు పేర్లు పెట్టింది ఎక్కువగా ఈ రెక్కల దశను చూసే. అందుకే లార్వాను పెంచాలి. పుచ్చిన కాయను వెడల్పు సీసాలో ఉంచి, పైన పల్చటి గుడ్డ కట్టి, లోపల మామిడి బెరడు ముక్కలు వేస్తాను. తోటలో ఇది ప్యూపాగా మారేది బెరడు సందుల్లోనే మరి.

రెక్కల పురుగు బయటికొచ్చాక అసలు పరీక్ష మొదలవుతుంది. ఈ పురుగులకు చెవులు పొట్ట మొదట్లో ఉంటాయి. ఆ చెవుల మధ్య చిన్న పొర మడత ఉంటే క్రాంబిడే కుటుంబం, లేకపోతే పైరాలిడే. తర్వాత పొట్ట చివరి భాగాన్ని కాస్టిక్ పొటాష్ ద్రావణంలో మెత్తబరిచి, జననాంగాల ఆకారాన్ని సూక్ష్మదర్శినిలో చూసి జాతి తేలుస్తారు.

ఇంత శ్రమ ఎందుకంటే, మామిడికాయను తొలిచే ఇలాంటి రెక్కల పురుగు ఒక్కటే కాదు. మన పట్టీల పురుగు డియానోలిస్, క్రాంబిడే కుటుంబానిది. అండమాన్‌లో ముందే తెలిసిన సిట్రిపెస్టిస్ యూట్రఫెరా పైరాలిడేది. అది దక్షిణ భారతంలోని మామిడి తోటలకూ విస్తరిస్తోందని గత దశాబ్దంలో శాస్త్రవేత్తలు నమోదు చేశారు. కాయ మీది బెజ్జం చూసి వాటిని విడదీయడం కష్టం.

పేర్ల చిక్కు కూడా ఉంది. డచ్ శాస్త్రవేత్త స్నెలెన్ 1899లో మన పట్టీల పురుగును డియానోలిస్ సబ్‌లింబాలిస్ అన్నాడు. నీలగిరుల్లో తేయాకు తోటల పనికొచ్చి రెక్కల పురుగుల అధ్యయనంలో పడిన హాంప్సన్ 1903లో ఇదే జీవికి నూర్దా ఆల్బిజొనాలిస్ అని పేరు పెట్టాడు. ముందు పెట్టిన పేరే నిలవాలన్నది వర్గీకరణ నియమం. అయినా 1990లలో గోదావరి జిల్లాల మామిడికి ఇది పెద్ద బెడదని రాసినప్పుడు వాడింది ఆల్బిజొనాలిస్ అనే పేరే. సబ్‌లింబాలిస్ అనే పాత పేరు ఒక్కటే తెలిసినవారి కంట ఆ నివేదిక పడదు. ఒక దేశంలో పురుగు గురించి నేర్చుకున్నది ఇంకో దేశపు రైతుకు చేరాలంటే, రెండు పేర్లూ ఒకే పురుగువని ఎవరో ఓపికగా తేల్చాలి. వర్గీకరణ చేసే మేలు ఇదే.

రాలిన కాయలు ఏరి నాశనం చేయడం తోటకు మంచిదే. ఒకటి రెండు మాత్రం సీసాలో పెట్టండి. రెక్కలొచ్చిన పురుగుతో పాటు ఊరు, తేదీ, కాయ రకం రాసిన చీటీని దగ్గర్లోని వ్యవసాయ శాస్త్రవేత్తలకు అందించండి. ఆ చీటీ ఉంటేనే అది నమూనా అవుతుంది. మన తోటల్లో ఏ పురుగు ఉందో చెప్పే ఆధారం మన ఊళ్లనుంచే వెళ్లాలి.