మన ప్రశ్నలు ఎవరి సొత్తు?

డైరీలో కూడా రాసుకోలేని మాటల్ని స్త్రీలు ఇవాళ సెర్చ్ ఇంజిన్‌ని అడుగుతున్నారు. గర్భస్రావం, విడాకులు, కొట్టే భర్త మీద ఎక్కడ ఫిర్యాదు చేయాలి...

2006లో అమెరికాలో ఏఓఎల్ సంస్థ సుమారు 6,50,000 మంది వెతుకులాటల్ని పేర్లు తీసేసి, అంకెలు తగిలించి బయటపెట్టింది. 4417749 అనే అంకె వెనకున్న స్త్రీ ఎవరో, ఆమె వెతికిన మాటల్ని బట్టే న్యూయార్క్ టైమ్స్ విలేకరులు కనిపెట్టేశారు. పేరు చెరిపినా మన ప్రశ్నలే మన చిరునామా.

అందుకే 'పేరు చెప్పం' అనేవాళ్ల కన్నా 'అసలు రాసిపెట్టుకోం' అనేవాళ్లని నేను ఎంచుకుంటాను. డక్‌డక్‌గో ఇచ్చే హామీ అదే. అయితే దాని ఫలితాలు చాలావరకు మైక్రోసాఫ్ట్ వారి బింగ్‌వే. స్టార్ట్‌పేజ్ మనమెవరో చెప్పకుండా గూగుల్ ఫలితాల్ని తెచ్చిస్తుంది. మోజీక్‌కి సొంత సూచిక ఉంది.

నా పేచీ ఇంకొకటుంది. ఈ చర్చల్లో ప్రైవసీ అంటే చాలాసార్లు కంపెనీకీ వినియోగదారుకీ మధ్య గొడవే. ఫోన్ లాక్కుని చూసే భర్త అందులో కనబడడు. ఏ ఇంజిన్ వాడినా వెతికిన జాడలు బ్రౌజర్‌లో మిగిలే ఉంటాయి. వాటిని చెరిపేస్తే 'ఏం దాస్తున్నావ్?' అని మరో ప్రశ్న. ఇంజిన్ మార్చుకోవడం అవసరమే. ఆ ప్రశ్న అడిగే హక్కు ఎవరిచ్చారని నిలదీయడం అంతకన్నా అవసరం.