నూతిగట్టుకు చేరిన రసాయనశాస్త్రం

నీళ్ళలో కరిగిన సీసాన్ని కంటితోగానీ నాలుకతోగానీ పోల్చుకోలేం. జపాన్‌లో జింజూ నది వెంట కాడ్మియం పొలాల్లోకి, అన్నంలోకి చేరి మనుషుల ఎముకలను పెళుసుబార్చింది. అదే దేశంలో మినమాటా జబ్బు 1956లో బయటపడితే, దానికి కారణం మిథైల్ పాదరసమేనని ప్రభుత్వం ఒప్పుకునేసరికి 1968 వచ్చింది. రెండుచోట్లా ముందు మనుషులు మంచానపడ్డారు, తరువాతే లోహం దొరికింది. ఈ వరుస తిరగబడాలి, ముందు లోహమే దొరకాలి అన్న పట్టుదలతో నా శిష్యురాలు ఈ పుస్తకం రాసింది.

1922లో ప్రాగ్ నగరంలో యారొస్లావ్ హేరోవ్‌స్కీ పాదరసపు బొట్టునే ఎలక్ట్రోడుగా చేసి పోలరోగ్రఫీకి, అంటే ద్రావణంలో కరిగినవాటిని కరెంటు కొలతతో పట్టే పద్ధతికి, నాంది పలికారు. 1959లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. నీళ్ళలో లోహాన్ని పట్టే విద్యను మా తరం నేర్చుకున్నది ఆ బొట్టు దగ్గరే. విషలోహాన్ని పట్టడానికి మరో విషలోహం మీద ఆధారపడటం మమ్మల్ని బాధించేది. 2000లో జోసెఫ్ వాంగ్ బృందం పాదరసం బదులు బిస్మత్ పొరను వాడి చూపాక దారి మారింది.

లోహాన్ని ఎలక్ట్రోడు మీద పేర్చి, తిరిగి కరిగించి కొలిచే పద్ధతిని రచయిత్రి ఎంతో తేటగా వివరించింది. ఎలక్ట్రోడుకు ఋణ విభవం ఇస్తే నీటిలోని అయాన్లు దానిమీద లోహంగా పేరుకుంటాయి. తరువాత విభవాన్ని ధన దిశగా జరుపుతూపోతే ముందు జింకు, ఆపై కాడ్మియం, సీసం, రాగి వరుసగా తిరిగి కరుగుతాయి. కరిగేటప్పుడు వచ్చే కరెంటు శిఖరం ఉన్న చోటునుబట్టి లోహమేదో, ఎత్తునుబట్టి మోతాదెంతో తెలుస్తుంది. గ్రాఫీన్, కార్బన్ నానోట్యూబులు లోహం పేరుకునే చోటును పెంచి, ఎలక్ట్రాన్ల రాకపోకలను సులువు చేస్తాయి. ఆర్సెనిక్, పాదరసాలను పట్టడానికి బంగారు నానోరేణువులు బాగా పనికొస్తాయి. ఇదంతా నేడు చక్కెర పరీక్షకు వాడే పట్టీ అంత వస్తువు మీద ఇమిడిపోతోంది.

లీటరు తాగునీటిలో సీసం 10 మైక్రోగ్రాములు, కాడ్మియం 3 మైక్రోగ్రాములు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. శుద్ధజలంలో అంతకన్నా ఎంతో తక్కువ కొలిచామనే పరిశోధన పత్రాలకు కొదవలేదు. చెరువు నీటి సంగతి వేరు. అందులోని హ్యూమిక్ ఆమ్లాలు ఎలక్ట్రోడును కప్పేస్తాయి, రాగి ఎక్కువైతే సీసం శిఖరం కుంగిపోతుంది, పట్టీకీ పట్టీకీ కొలత మారుతుంది. ఈ చిక్కులలో ఒక్కదాన్నీ రచయిత్రి దాచలేదు. తెలిసిన మోతాదును నమూనాలోనే కలిపి సరిచూడటం, ప్రయోగశాలలోని ఐసీపీ-ఎంఎస్ యంత్రం ఇచ్చే ఫలితంతో పోల్చడం అడుగడుగునా నేర్పింది. పుస్తకమంతటిలో నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోచింది ఈ నిజాయితీయే.

2020 డిసెంబరులో ఏలూరులో వందలమంది మూర్ఛలతో ఆసుపత్రుల్లో చేరారు. నమూనాలు ఢిల్లీ, హైదరాబాదు దాకా వెళ్ళాయి. రక్తంలో సీసం, నికెల్ ఉన్నాయన్నారు, పురుగుమందుల మాటా వచ్చింది. నమ్మదగిన పరికరం ఊళ్ళోనే ఉండి ఉంటే, కనీసం నీళ్ళలో సీసం ఉందో లేదో ఆనాడే తేలేది. ఇలాంటి విద్య పాలిటెక్నిక్ విద్యార్థికీ, నీటి పరీక్ష చేసే పంచాయతీ సిబ్బందికీ సొంతభాషలో అందడం అందుకే అవసరం.

రచయిత్రికి నా ఆశీస్సులు, వాటితోపాటు ఒక బాధ్యత కూడా. ఈ పుస్తకం చదివినవాళ్ళచేత వాళ్ళ ఊరి బోర్లనూ బావులనూ పరీక్ష చేయించి, ఆ కొలతలను మలిముద్రణలో చేర్చాలి.